చుక్కాని ఉన్న సగం

గోదావరి జిల్లా, రామచంద్రపురం తాలూకా, యానాం ఫ్రెంచివారి పొలిమేరకు ఇవతల, కాలువ గట్టున ఉన్న మా పాలెంలో కాపురముంటూ పడవ నడుపుకుని బతికే ఓలేటి అప్పాయమ్మ అనే నేను, చనిపోయిన ఓలేటి పల్లంరాజు భార్యను, నా తర్వాత నా ఆస్తి ఎవరికి చెందాలో, ఎవరికి చెందకూడదో తేల్చి రాయిస్తున్న మరణశాసనం ఇది.

నా కుడివైపు పక్కటెముకలు విరిగాయి. దగ్గితే నెత్తురు పడుతోంది. దెబ్బ తగిలింది డొక్కలో గాని తలలో కాదు. కనుక నా తెలివికి లోటు లేదు, జ్ఞాపకానికి లోటు లేదు, కోపానికి అసలే లేదు. ఈ శాసనం రాయించమని నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. నన్ను బలవంతపెట్టాలని బతుకంతా ప్రయత్నించిన మనిషి ఒక్కడే, నా మొగుడు. ఆయనా నెగ్గలేదు.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే రాస్తున్నది అబ్రహాము, కాకినాడలో ఒక బీమా కంపెనీ గుమాస్తా, బాప్టిస్టు గుడి మనిషి. ఈయన ఎడమ కనుబొమ్మ మీద మచ్చ నేను పెట్టిందే. నా తిట్లను మంచి మాటలుగా మార్చి రాయనని ఒట్టు వెయ్యమన్నాను. వాళ్ళ మతంలో ఒట్టు వెయ్యకూడదట. మాట ఇచ్చాడు. చూద్దాం.

1. నాకు ఇల్లు లేదు, పొలం లేదు. నేను పడుకున్న గుడిసె కాలువ గట్టు మీద ఉంది, ఆ గట్టు సర్కారుది. నాకు ఉన్నదల్లా ఒక రాదారి పడవలో సరిసగం. రామచంద్రపురం నుంచి ధాన్యం బస్తాలు కాకినాడకు చేర్చి, ఉప్పూ తాటాకూ ఎక్కించుకుని తిరిగొచ్చే పడవ అది. నా పుట్టింటి బంగారం అమ్మితే సగం కర్ర వచ్చింది. మా ఆయన తన వల వాటా అమ్మితే మిగతా సగం కర్ర వచ్చింది.

మా వాళ్ళలో ఇద్దరు కలిసి పడవ కట్టించుకుంటే, నీళ్ళలోకి దించేనాడు ఒకరు ముందు కొసన, ఒకరు వెనక కొసన నిలబడి కొబ్బరికాయ కొడతారు. ఎవరు కాయ కొట్టిన కొస వారిది. అన్నదమ్ములు అలా చేసేవారు, బావామరుదులు చేసేవారు. మొగుడూ పెళ్ళాం చెయ్యడం మా పాలెంలో మాతోనే మొదలు. వెనక కొసను అమరం అంటాం, చుక్కాని ఉండేది అక్కడే. ముందు కొస అణియం. చుక్కాని మగవాడిదేనని మా ఆయనా, ఊరూ, పడవకు పూజ చెయ్యడానికి వచ్చిన పెద్దలూ అనుకున్నారు. నేను మాత్రం పొద్దున్నే వెళ్ళి అమరం ఎక్కి కూర్చున్నాను. దిగమన్నాడు. దిగనన్నాను. చేతిలో ఉన్న కాయ నా మీదకి విసిరాడు, అది నా భుజానికి తగిలి పగిలింది. నేను తెడ్డు తీసుకుని మూతి మీద కొట్టాను. ముందుపన్ను ఊడి నీళ్ళలో పడింది. పడవ దించడానికి వచ్చినవాళ్ళు మోకులు వదిలేసి నవ్వారు. ఆయన నెత్తురు ఉమ్మేసి, ఇంకో కాయ తీసుకుని వెళ్ళి అణియం మీద కొట్టాడు. నా భుజం మీద పగిలిన కాయ అమరంలోనే పడింది కనుక నాకు వేరే కాయ అక్కర్లేకపోయింది.

ఈ విధంగా చుక్కాని ఉన్న సగం నాకు సంక్రమించింది. దీనికి పాలెం అంతా సాక్ష్యం.

2. పడవ నడిమధ్య అడ్డంగా పసుపుతో గీత గీశాం. గీతకు ఇవతలి చెక్కలకు నేను తారు పూసేదాన్ని, అవతలి చెక్కలకు ఆయన పూసేవాడు. కోపంలో గీత దాటినవాళ్ళదే తప్పు, అవతలివాళ్ళు ఎంత కొట్టినా అడగకూడదు. అది మేమిద్దరం పెట్టుకున్న చట్టం. ఆయన యానాం సారా తాగొచ్చి చాలాసార్లు దాటాడు. నేనూ దాటాను. ఆయన వేళ్ళు ఒకసారి చుక్కాని కర్రకీ పక్క చెక్కకీ మధ్య పెట్టి నొక్కాను. ఆయన నా జుట్టు పట్టుకుని తల కాలువలో ముంచాడు. మా పాలెంలో ఆడవాళ్ళందరూ దెబ్బలు తిన్నవాళ్ళే. నేను తిన్నవి అక్కడికక్కడే తిరిగి ఇచ్చేశాను, నాకూ వాళ్ళకూ తేడా అంతే.

ఇది కూడా రాయి అబ్రహామూ. నాకు విషజ్వరం వచ్చి అమరంలో పడి ఉన్నప్పుడు, ఆయన గంజి గిన్నె పట్టుకుని గీత దగ్గర ఆగాడు. "రావచ్చంటావా?" అని అడిగాడు. నాకు ఒళ్ళు తెలిసీ తెలియనప్పుడు కూడా అడిగాడు, నేను తల ఊపేదాకా ఆగాడు. ఆ మనిషిని నేను ప్రేమించాను. ఆయన పోయాక గాని నాకు ఆ ముక్క అనాలనిపించలేదు.

3. బీమా సంగతి. కాలువల మీద పడవలు కాలిపోవడం, మునిగిపోవడం ఎక్కువైపోయాక, బీమా కాగితం లేని పడవకు ధాన్యం ఎత్తేది లేదని కాకినాడ షావుకార్లు పట్టుబట్టారు. మాకు ఇంకో భయం కూడా ఉంది. మా ఆయన తమ్ముడు అమ్మిరాజు అప్పటికే మా పడవను తగలబెడతానని లాకుల దగ్గర అందరి ముందూ అంటున్నాడు. వాడిది పాత పడవ, ఊరికే నీళ్ళు ఎక్కేది. మాది కొత్తది. అన్న పడవలో తమ్ముడికి వాటా లేకపోవడం ఏమిటి, ఆడదానికి సగం ఇవ్వడం ఏమిటి అని వాడి ఏడుపు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో నా చేతి కూడు తిని పెరిగిన మరిది వాడు. ఏరు దాటి తెప్ప తగలేసే రకమని అప్పుడే తెలిసి ఉంటే గంజిలో ఉప్పు కూడా వేసేదాన్ని కాదు.

అబ్రహాము కాగితాలు పట్టుకుని పడవలోకి వచ్చాడు. వచ్చి సరిగ్గా పసుపు గీత మీద కూర్చున్నాడు. పడవ ఎవరిదండీ అన్నాడు. నాది అని ఇద్దరం అన్నాం. సగం సగం అని చెప్పాం. మర్యాదస్తుడు కదా, ఏ సగం ఎవరిదండీ అని అడిగాడు. మా చట్టం మాకు ఉంది కదా, అణియం ఆయనది, అమరం నాది అని చూపించాం. ఈ మహానుభావుడు టేపు పెట్టి రెండు సగాలూ కొలిచి, అగ్ని ప్రమాదానికి రెండు కాగితాలు రాశాడు. ముందు సగానికి పల్లంరాజు పేర ఒకటి, వెనక సగానికి అప్పాయమ్మ పేర ఒకటి. మా ముగ్గురిలో ఒక్కరికీ అందులో వింత కనిపించలేదు. పడవను దోసకాయలా కోసి బీమా చేసినవాళ్ళం ఈ గోదావరి మీద మేమే అయ్యుంటాం.

ఏడాది తిరిగాక మళ్ళీ కట్టాలి. నేను కట్టాను. మా ఆయన కట్టలేదు. ఎందుకంటే వంట పొయ్యి అమరంలో ఉంది. "పొయ్యి నీ సగంలో ఉంది. కాలితే నీదే కాలుద్ది. నా సగానికి బీమా దేనికే?" అన్నాడు. నాకూ నిజమేననిపించింది. ఆ డబ్బు యానాంలో తాగేశాడు. షావుకార్లు నా కాగితం చూసి పడవకు బీమా ఉందనుకున్నారు.

4. ఆయన చావు సంగతి. దీన్ని కోర్టులో చెప్పాను, అక్కడ రాసుకున్నది నేను చెప్పింది కాదు. కనుక ఇక్కడ రాయిస్తున్నాను.

కాలువ నీళ్ళను తలుపులతో ఆపే లాకు దగ్గర ఏ పడవ మోకు ముందు గట్టు మీది గుంజకు పడితే ఆ పడవ ముందు లోపలికి వెళ్ళాలి. అది మామూలు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం, మా పడవ నిండా తాటాకు. మా మోకు ముందు పడింది. వెనక వచ్చిన అమ్మిరాజు గట్టు మీదకి దూకి మా మోకు కత్తితో కోశాడు. మా ఆయన పడవ తోసే గెడ తీసుకుని అణియం మీద నిలబడి వాడి మోకాలి మీద కొట్టాడు. వాడు పడి లేచాడు. ఇద్దరూ గెడలతో కొట్టుకున్నారు. లాకుల దగ్గర గెడలతో కొట్టుకోవడం కొత్త కాదు, తలలు పగలడమూ కొత్త కాదు, కనుక చుట్టూ ఉన్నవాళ్ళు చూస్తూ ఊరుకున్నారు. అమ్మిరాజు గెడ కొస మా ఆయన కణతకు తగిలింది. ఆయన అణియం లోపలి గూట్లో తాటాకు మీద వెల్లకిలా పడ్డాడు, లేవలేదు.

గట్టు మీద ఎవరో పడవ అతుకులకు పూయడానికి కుండలో గుగ్గిలం కాస్తున్నారు. అమ్మిరాజు ఆ కుండను గుడ్డతో పట్టుకుని లేపాడు. నేను అమరంలో నిలబడి వాడి కళ్ళలోకి చూశాను. వాడూ చూశాడు. పొరపాటున చెయ్యి జారిందని కోర్టులో చెప్పాడు. జారిన చెయ్యి అంత దూరం విసరదు. కుండ అణియం మీద పగిలింది. ఎండిన తాటాకు, మరుగుతున్న గుగ్గిలం. మంట ఒక్కసారిగా మనిషెత్తు లేచింది.

అటు వెళ్ళడానికి దారి లేదు. నేను గొడ్డలి తీసుకుని నా కాళ్ళ కింది చెక్కలు నరికాను. నా బంగారంతో కొన్న చెక్కలు. నీళ్ళు పొంగాయి. పడవ మునిగితే మంట ఆరుతుందని నా ఆలోచన. అమరం మునిగి కాలువ అడుగుకు తగిలింది, అణియం పైకి లేచింది. నీళ్ళు అక్కడికి చేరేసరికి ఆలస్యమైంది. ఆయనను నేనే బయటకు లాగాను. పట్టుకుంటే చర్మం నా చేతికి వచ్చింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. నేను చిల్లు పొడవబట్టే నా మొగుణ్ణి చంపానని కొందరు అన్నారు. వాళ్ళ నోళ్ళు పడిపోను. నేను పొడవకపోతే ఆయన ముఖం కూడా దక్కేది కాదు. గట్టెక్కి అదే గొడ్డలి తిరగేసి అమ్మిరాజు మోచేతిని పగలగొట్టాను. ఆ చెయ్యి ఇప్పటికీ తిన్నగా చాపలేడు. మెడకు గురిపెట్టాను, వాడు చెయ్యి అడ్డం పెట్టాడు.

కంపెనీ జవాబు పట్టుకొచ్చింది ఈ అబ్రహామే. కాలిన సగానికి బీమా లేదట. బీమా ఉన్న సగం కాలలేదట, దాన్ని నా చేతులతో నేనే ముంచానట. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు, మాకు ఆకులు పట్టుకున్నాకే కాలాయి. అప్పుడే చేపల గంప ఎత్తి ఈయన ముఖాన కొట్టాను, కనుబొమ్మ చిట్లింది. ఈయన నెత్తురు తుడుచుకుని, తప్పు నాదేనండి, పడవను రెండుగా రాయకూడదండి, అన్నాడు. ఆ తర్వాత నా గుమ్మంలోకి రావడం మానలేదు. అందుకే ఈ రోజు ఈయన చేతిలో కలం ఉంది.

5. అమ్మిరాజు కొంతకాలం జైల్లో ఉండి ఒళ్ళు చేసి వచ్చాడు. వచ్చి దావా వేశాడు. అన్నదమ్ములు వేరుపడలేదు కనుక, పిల్లలు లేని అన్న సగం తమ్ముడికే రావాలని. కోర్టువారు ఇచ్చారు. చంపినవాడికి చచ్చినవాడి సగం. అప్పటికి పడవను నీళ్ళలోంచి తీయించి, రెండు కొసలూ బాగు చేయించింది నేను. తీర్పు కాగితం చేత్తో పట్టుకుని వాడు నేను వేయించిన కొత్త చెక్కల మీద, అణియం మీద కాలు పెట్టాడు.

పడవ అమ్మేయమని అందరూ చెప్పారు. అమ్మలేదు. నా మొగుణ్ణి చంపినవాడు ముందర గెడ వేస్తుంటే నేను వెనక చుక్కాని పట్టుకుని పడవ నడిపాను. ఎదురుగా వాడి వీపు. రోజూ చూశాను. గొడ్డలి నా కాలి దగ్గరే ఉండేది. వాడికీ ఆ సంగతి తెలుసు, అందుకే ఒక్క పూట కూడా నా వైపు వీపు తిప్పి కునుకు తియ్యలేదు. వాణ్ణి నిద్రలేకుండా చెయ్యడం నాకు దక్కిన సుఖం.

పోయిన నెల వాడు సారా పీపాలు యానాం నుంచి దొంగచాటుగా ఎక్కించి, సర్కారు వాళ్ళు లేని కాలువలోకి తిప్పమన్నాడు. నేను తిప్పలేదు. పడవను వంతెన స్తంభానికి కొట్టించాను. వాడూ పీపాలూ నీళ్ళలో పడ్డారు. వాడు ఎక్కివచ్చి, పసుపు గీత దాటి, గెడ అడ్డంగా తిప్పి నా డొక్కలో కొట్టాడు. పడిపోయాక మళ్ళీ కొట్టాడు. "నువ్వు పోతే మొత్తం నాదే గదా వదినా" అన్నాడు. ఆ మాట నిజం. పిల్లలు లేని నేను ఏమీ రాయించకుండా పోతే నా సగమూ వాడికే వెళుతుంది. నేను ఈ శాసనం రాయించేది ఆ ఒక్క మాటను అబద్ధం చెయ్యడానికి.

6. నా సగాన్ని, అంటే చుక్కానితో సహా అమరాన్ని, అమ్మిరాజు భార్య, నా తోడికోడలు లోవలక్ష్మికి ఇస్తున్నాను.

అబ్రహాము కలం ఆపి నా ముఖంలోకి చూస్తున్నాడు. రాయి. జ్వరంతో వాగుతున్న మాట కాదు.

వాడు జైల్లో ఉన్నప్పుడు తిండికి లేక లోవలక్ష్మి నా పడవ ఎక్కింది. శత్రువు పెళ్ళామని తెడ్డుతో తోసేద్దామనుకున్నాను. దాని వీపు చూశాక చెయ్యి రాలేదు. తడి మోకుతో కొట్టిన వాతలు, ఒకదాని మీద ఒకటి. మోకుతో కొడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఎదురు కొట్టకపోతే ఎలా ఉంటుందో దాని వీపు చూస్తే తెలిసింది. చుక్కాని ఇచ్చాను. నీళ్ళ రంగు చూసి ఇసుక మేట ఎక్కడుందో చెప్పేది. నా కంటే నెమ్మదిగా, నా కంటే బాగా తిప్పేది. వాడు తిరిగొచ్చి దాన్ని పడవ దింపేశాడు. అయినా వాడు లేనప్పుడు చూసి ఇక్కడికి వచ్చి నాకు గంజి కాచి పోస్తోంది. ఇది రాయిస్తుండగా కూడా పొయ్యి దగ్గరే కూర్చుని ఉంది. వాడి సంగతి మాత్రం ఎత్తదు. పెళ్ళయినప్పటినుంచి వాడి ముందు అది గొంతెత్తగా ఎవరూ వినలేదు.

కనుక ఇప్పుడు ఆ పడవ మళ్ళీ ఒక మొగుడూ పెళ్ళాలది, సరిసగం. ఈసారి బీమా సరిగ్గా ఉండాలి.

7. ఈ శాసనం అమలుపరచే బాధ్యత అబ్రహాముది. ఆయన కలం చేసిన తప్పును ఆయన కాళ్ళే తిరిగి దిద్దాలి. పడవకు ఒక్కటే కాగితం రాయించాలి. అణియం, అమరం అన్న మాటలు అందులో ఉండకూడదు. కాలినా, మునిగినా, ఎవరు ముంచినా, ఏ కొసన దెబ్బ తగిలినా మొత్తం పడవకు తగిలినట్టే. బీమా సొమ్ము రావాలంటే ఇద్దరి వేలిముద్రలూ పడాలి, ఇద్దరూ స్వయంగా కంపెనీకి వచ్చి వెయ్యాలి.

అమ్మిరాజుకు అర్థమయ్యేటట్టు చెబుతున్నాను. చచ్చిన వేలు ముద్ర వెయ్యదు. లోవలక్ష్మి చస్తే నీకు బీమా లేదు. బీమా లేకపోతే షావుకార్లు ధాన్యం ఎత్తరు. దాని సగం కూడా నీకు రాదు, అప్పుడది అబ్రహాము గారి గుడికి వెళుతుంది. గుడివాళ్ళు నీ పక్కన కూర్చుని పాటలు పాడుకుంటూ పడవలో తిరుగుతారు. కనుక దాని ఒంటిమీద దెబ్బ పడితే ముందు భయపడాల్సింది నువ్వే. నేను బీమా చేస్తున్నది పడవకని కాగితంలో రాస్తారు. దేనికి చేస్తున్నానో నీకూ నాకూ తెలుసు.

అబ్రహామూ, గుడి పేరు రాగానే నీ ముఖం వికసించింది. ఆశపడకు. లోవలక్ష్మి నీ కంటే ఎక్కువ కాలం బతుకుతుంది.

8. చిల్లర దానాలు.

నా కాటుక భరిణె లాకు కాపలాదారు బుల్లబ్బాయికి. అమ్మిరాజు కుండ విసిరినప్పుడు ఆయన పక్కనే ఉండి కూడా, పొగ కళ్ళలో పడి ఏమీ కనిపించలేదని కోర్టులో చెప్పాడు. కాటుక కళ్ళకు మంచిది.

నా రెండు చీరలు, ఎండుచేపల కుండలు పక్క గుడిసె మాణిక్యాంబ కూతురికి. ఆ పిల్ల పెళ్ళికి నేను ఉండను. చీరల్లో ఎర్రది కొంచెం కాలి ఉంటుంది, కొంగు లోపలికి మడిస్తే తెలియదు.

మా ఆయన రుద్రాక్ష దండ నాతోనే పోవాలి. ఎవరూ తీయకూడదు.

గొడ్డలి లోవలక్ష్మికి. లక్ష్మీ, నీకు ఎదురు కొట్టడం రాదు. ఎవరి మీదా ఎత్తక్కర్లేదు. వాడు గీత దాటితే నీ కాళ్ళ కింది చెక్క మీద ఒక్క దెబ్బ వెయ్యి చాలు. నీ సగం మునిగితే వాడి సగం తేలదు.

అమ్మిరాజుకు, అణియంలోంచి తీసి గుడిసె వెనక దాచి ఉంచిన కాలిన చెక్క ఒకటి. నీ అన్న ఒళ్ళు దానికి అంటుకుని ఉంది. నువ్వు పోయినప్పుడు నీ చితి మీద మొదట అదే పెట్టాలి. నా శవాన్ని నువ్వు ముట్టుకోకూడదు, నా పాడె మొయ్యకూడదు, నా పేరున పిండం పెట్టకూడదు. పెడితే కాకులు కూడా తినవు.

9. లోవలక్ష్మికి ధైర్యం చాలక చుక్కాని పట్టనంటే, దాన్ని నేను తప్పుపట్టను. అలా జరిగితే అబ్రహాము రంపం కోత మనుషులను పెట్టించి, పసుపు గీత మీద పడవను అడ్డంగా కోయించాలి. నా సగాన్ని ముక్కలు చేసి పాలెంలో పొయ్యి లేనివాళ్ళకు పంచాలి. అమ్మిరాజు తన సగంలో కూర్చుని కాలువలో తేలితే తేలనీ.

10. ఇంతవరకు రాయించి, వేలిముద్ర వెయ్యబోతుండగా జరిగినది కూడా ఇందులో చేర్చమన్నాను. అబ్రహాము ఒక పక్కకి ఒరిగి రాస్తున్నాడు, అక్షరాలు వంకరగా ఉంటే ఆ కారణమే.

ఎవరో చెప్పినట్టున్నారు, అమ్మిరాజు గెడ పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. పెళ్ళాన్ని పొయ్యి దగ్గర చూసి ముందు దాన్ని బూతులు తిట్టాడు. తర్వాత కాగితం ఇమ్మని అబ్రహామును అడిగాడు. ఆయన కాగితాన్ని కడుపు కింద పెట్టుకుని బోర్లా పడుకున్నాడు. వాడు ఆయన వీపు మీద రెండుసార్లు తన్నాడు, జుట్టు పట్టుకుని లేపబోయాడు. నేను లేవబోతే నా నోట్లోంచి నెత్తురు వచ్చింది తప్ప ఒళ్ళు కదల్లేదు. బతుకులో మొదటిసారి ఒకడు నా ఎదురుగా మరొకణ్ణి కొడుతుంటే చూస్తూ పడి ఉన్నాను. వాడు నన్ను చూసి నవ్వాడు.

లోవలక్ష్మి లేచింది. పొయ్యి మీద మరుగుతున్న గంజి కుండను రెండు చేతులతో ఎత్తింది. గుడ్డ కూడా పట్టుకోలేదు, చేతులు కాలుతున్నా వదల్లేదు. వాడి రొమ్ము మీద, కాళ్ళ మీద మొత్తం పోసేసింది. వాడు అరిచిన అరుపుకి పాలెం అంతా వచ్చింది. గెడ పడిపోయింది. అది గెడ తియ్యలేదు, గొడ్డలి తియ్యలేదు, ఖాళీ కుండ పట్టుకుని వాడికీ మాకూ మధ్య నిలబడింది.

"ఆ పడవలో సగం నాది. అక్క ఇచ్చింది. ఇంకో అడుగు ఏసావంటే, ఈ కుండ నీ నెత్తిన పగలగొడతాను" అంది.

గట్టిగా అనలేదు. పొయ్యి దగ్గర మాట్లాడే గొంతుతోనే అంది. అయినా గుమ్మం బయట నిలబడ్డవాళ్ళందరూ విన్నారు. అమ్మిరాజు ఒళ్ళంతా పొక్కులతో, గోడ పట్టుకుని బయటకు వెళ్ళాడు. ఎవరూ చెయ్యి ఇవ్వలేదు.

కనుక తొమ్మిదో అంశం కొట్టివేశాను. దాని అవసరం లేదు.

ఈ రోజు నాకు కాచిన గంజి అది. ఒక్క చుక్క తాగలేదు. నాకు ఆకలి తీరింది.

ఇది చదివి వినిపించగా విని, సరిగా ఉందని ఒప్పుకుని, నా ఎడమచేతి బొటనవేలి ముద్ర వేశాను. హేవిళంబి నామ సంవత్సరం, కార్తీక బహుళ తదియ, శుక్రవారం, 1897 నవంబరు 12.

ఓలేటి అప్పాయమ్మ, వేలిముద్ర

సాక్షులు:

పక్క గుడిసె మాణిక్యాంబ, వేలిముద్ర. లోవలక్ష్మి చేతులకు పసుపూ నూనే రాస్తూ ఉండటం వల్ల ముద్ర పచ్చగా పడింది.

కూలి చిట్టియ్య, చేవ్రాలు. అరుపు విని వచ్చి, లోవలక్ష్మి అన్న మాట నా చెవులతో విన్నాను.

వ్రాయసగాడు: అబ్రహాము. ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను, తిట్లతో సహా.